ఇత్తడి పిచ్చుకల బాయిలరు

వారంలో ఆరు రోజులు ఫ్యాక్టరీలు తిరిగి బాయిలర్లు తనిఖీ చేసే మనిషి, సెలవు రోజు కూడా బాయిలరు చూడ్డానికే పరిగెడితే దాన్ని పిచ్చి అనక ఇంకేమంటారు? ఇన్‌స్పెక్టరు భార్య సరిగ్గా అదే అంది. ఆవిడ తమ్ముడు దర్జీ, అతను ఇంకాస్త ఘాటుగానే అన్నాడు. అంటూనే బావగారికి వెయిస్ట్‌కోటు కుట్టిపెట్టాడు, గుండీలకు బదులు పాత గడియారాల పళ్లచక్రాలు పెట్టి.

"బావా, ఇది వేసుకుని వీధిలోకెళ్తే కుక్కలు వెంటపడతాయి. తర్వాత నన్ననకు."

"నువ్వూ వస్తున్నావుగా. ఇద్దర్నీ కరుస్తాయిలే."

'ఇత్తడి పిచ్చుకలు' అంటే ఇన్‌స్పెక్టరు చెవి కోసుకుంటాడు. ఆ బృందంలో ఉన్నది ముగ్గురే. స్టీమ్‌పంక్ అంటారే, పాతకాలపు ఆవిరియంత్రాలకు రేపటి కలలు అతికించే ఆ సరదా, అందులో నిలువునా మునిగిన మనుషులు. ఏ కంపెనీ వాళ్ల రికార్డులు వెయ్యదు. వాళ్లే వేసుకుని, వాళ్లే అట్టలు అంటించి పోస్టులో పంపిస్తారు. గాయని పాడుతూ ఆవిరి ఆర్గన్ వాయిస్తుంది. గ్యాసు మంట మీద బాయిలరు, దాని నుంచి ఇరవయ్యొక్క ఇత్తడి గొట్టాలు. ఇంకొకాయనది గ్రామఫోను బూరా తగిలించిన వయొలిను. మూడో ఆయన డోలు కొట్టడు. డోలును ఆవిరే కొడుతుంది, ఆయన పళ్లచక్రాలకు నూనె వేస్తూ తల ఊపుతాడు.

పదకొండేళ్లుగా రికార్డుల్లో విన్నాడు తప్ప ఇన్‌స్పెక్టరు వాళ్లను కళ్లారా చూడలేదు. ఇన్నాళ్లకు వాళ్లే ఈ ఊరొచ్చారు. లైబ్రరీ హాల్లో నాలుగింటికి కచేరీ, ఆరింటికల్లా ఖాళీ చెయ్యాలి. ముప్ఫై మందికి మించి రాలేదు. రాకపోతే పీడా పోయింది, ముందు వరసలో చోటు దొరికిందని సంబరపడ్డాడు మహానుభావుడు.

మొదటి పాటకు ఒళ్లు పులకరించింది. నుదుటి మీదికి ఎత్తిన ఇత్తడి కళ్లద్దాలతో గాయని పాడుతుంటే గొట్టాలన్నీ వంత పాడాయి. బామ్మర్ది కూడా వెక్కిరించడం మరిచిపోయాడు. రెండో పాట సగంలో ఇన్‌స్పెక్టరు కళ్లు, ఆ పాడు కళ్లు, బాయిలరు మీటరు మీదికి పోయాయి.

ముల్లు ఎర్రగీత దాటి ఉంది. ఆ గీత దగ్గరికి రాగానే సేఫ్టీ వాల్వు తెరుచుకుని ఆవిరిని కక్కెయ్యాలి. అది కిక్కురుమనడం లేదు.

"సెలవు రోజు కూడా డ్యూటీయేనా? పాట విను," గొణిగాడు బామ్మర్ది.

వినాలనే ఉంది. లేస్తే కచేరీ పోతుంది, అదీ తన చేతులతో. లేవకపోతే ముప్ఫై ప్రాణాలు. ముల్లు ఇంకో గీత పైకెక్కింది. ఛీ నా బతుకు, అనుకుని లేచి వేదికెక్కి గ్యాసు కట్టేశాడు. పాట మేకపిల్ల అరుపులా సాగి సాగి ఆగిపోయింది.

"ఎవరయ్యా నువ్వు? దిగు ముందు!" గాయని నిప్పులు చెరిగింది.

"బాయిలర్ ఇన్‌స్పెక్టర్నండీ. అందరూ బయటికి పదండి. మీరు కూడా."

ముల్లు దిగేదాకా తానొక్కడే లోపల కాపలా కాశాడు. ఐదుంపావుకి వాళ్లను పిలిచి వాల్వు చూపించాడు. స్ప్రింగు మీది మర నాలుగు చుట్లు అదనంగా బిగించి ఉంది.

"ఎవరు బిగించారిది?"

"నేనే," అంది గాయని, తప్పు చేసినట్టు కూడా లేకుండా. "మా రికార్డులో మూడో పాట మధ్యలో నేను గొంతు తగ్గించే చోట ఇది భుస్సుమంటోందని ఒకాయన ఉత్తరం రాశారు. నాలుగు పేజీలు. మమ్మల్ని అంత శ్రద్ధగా విన్నవాళ్లు ఇంకెవరున్నారు? అందుకే నోరు మూయించాను."

కిందటి వానాకాలంలో ఆ నాలుగు పేజీలూ రాసింది ఇన్‌స్పెక్టరే. కింద పేరు కూడా పెట్టలేదు, 'మీ అభిమాని' అని ఊరుకున్నాడు. దాన్ని పోస్టు డబ్బాలో వేసొచ్చిన బామ్మర్ది, బావగారి చొక్కా పట్టుకుని లాగాడు.

"బావా, నోరెత్తకు. పద పోదాం."

పోవచ్చు. ఆవిడకు ఎప్పటికీ తెలియదు. ఆ ఆలోచన ఎంత తియ్యగా ఉందో అంత వెగటుగానూ ఉంది.

"ఆ ఉత్తరం రాసిన వెధవని నేనేనండీ."

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. వెయిస్ట్‌కోటునీ, దాని మీది పళ్లచక్రాల్నీ కూడా.

"బాయిలర్లు చూడ్డమే మీ ఉద్యోగం కదా. ఆ భుస్సు ఏమిటో మీకు తెలియలేదా?"

"తట్టలేదండీ. మీ పాట వింటున్నప్పుడు నాకు ఉద్యోగం గుర్తుండదు."

"సరే, మర వదులు చేస్తాను. ఆరింటికి ఇంకా ముప్పావు గంట ఉంది. రెండు పాటలైనా పాడుకుంటాం."

"కుదరదండీ. మర కదిలిన వాల్వును మళ్లీ పరీక్ష చెయ్యందే మంట పెట్టకూడదు. ఆ పరీక్ష రేపటిదాకా కాదు."

"పోనీ ఆవిరి లేకుండా..." అన్నాడు వయొలిను ఆయన.

"ఆవిరి లేకుండా మనమెవరం?" ఆవిడ కసిరింది. ఆయన బూరా విప్పడం మొదలుపెట్టాడు. బయట జనం అప్పటికే చెదిరిపోయారు.

ఇన్‌స్పెక్టరు ఉక్రోషం ఆపుకోలేకపోయాడు. "నాలుగు పేజీల్లో ఆ భుస్సు గురించి రాసింది ఒక్క వాక్యమండీ! మిగతాదంతా మిమ్మల్ని నెత్తిన పెట్టుకుని రాశాను. అది చదవలేదా?"

"చదివాం. ముగ్గురం కూర్చుని, ఒకటికి రెండుసార్లు చదువుకున్నాం." ఆవిడ గొట్టాలను ఒక్కొక్కటే గుడ్డలో చుట్టసాగింది. "కానీ మీకోసం మేం చెయ్యగలిగింది ఆ ఒక్క వాక్యంలోనే ఉంది."