నాలుగు వేళ్ళు తక్కువ

రాళ్ళకొట్టాల నుంచి మాత కొండకు మూడు రోజుల నడక. ఆళ్ళగడ్డ దాటి, కాలువ గట్టు పట్టుకుని, చాగలమర్రి మీదుగా కడప జిల్లాలోకి దిగితే మైదుకూరు అవతల ఎర్రటి గుట్టల్లో ఆ కొండ కనిపిస్తుంది. బస్సెక్కితే రెండు గంటల్లో పోవచ్చు. అయినా ఏటా సెప్టెంబరులో మాత పండగకు ఆ ఊరి క్రైస్తవులు పదిమందైనా నడిచే పోతారు. వాళ్ళ తాతల కాలం నుంచీ అంతే.

నడవలేనివాళ్ళు నడిచేవాళ్ళ చేతికి తమ నిలువు ఇచ్చి పంపుతారు. నిలువంటే నూలుదారం. మనిషిని గోడకు ఆనించి నిలబెట్టి, మడమ దగ్గర నుంచి నడినెత్తి దాకా ఏడు పేటల నూలు కొలిచి తెంపుతారు. ఆ దారాన్ని కొండ కింద మైనంలో ముంచి, చుట్టగా చుట్టి, పైన మాత ముందు వెలిగిస్తారు. మనిషి రాలేకపోయినా మనిషంత వెలుగు అక్కడికి చేరినట్టు లెక్క. దానికి రెండే కట్టుబాట్లు. నిలువును మనిషి ఒంటి మీదనే కొలవాలి. దారంలో ముడి పడకూడదు.

ఈ ఏడు లూర్దు మొదటిసారి నడవబోతోంది. ఆమెకు పదహారో ఏడు, ఆళ్ళగడ్డలో ఇంటర్ చదువుతోంది. ఇరవై ఏళ్ళు వరసగా నడిచిన, ఆమె జేజి అని పిలిచే నాయనమ్మ విశ్వాసమ్మకు తుంటి నొప్పి పట్టుకుంది. నాన్న ఏసుబాబు సిమెంటు లారీ మీద పోతే వారానికి గానీ ఇల్లు చేరడు. కాబట్టి ఇంటి తరఫున లూర్దే పోవాలి. జేజిని గోడకు నిలబెట్టి ఆమె నిలువు తీసుకుంది. పక్కింటి తిరుపతమ్మ కూడా వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది.

"మా అహోబిలం ఓబుళేసుని కొండ ఎక్కేదానికి మోకాళ్ళు సాగడంలే. మీ మాతకు చెప్పు, రెండు మోకాళ్ళు బాగు చేస్తే సాలు, మిగతాది మేమూ మేమూ సూసుకుంటాం" అంది తిరుపతమ్మ. లూర్దు నవ్వుతూనే దారం తెంపింది.

కానీ ఆమెకు కావలసింది మూడో నిలువు. అది అమ్మది.

అమ్మ రమణి కువైట్‌లో ఒక ఇంట్లో పని చేస్తోంది. లూర్దు ఏడో తరగతిలో ఉండగా రెండేళ్ళకని పోయింది. రెండేళ్ళయ్యాక ఒకసారి వచ్చి పోతుందనుకున్నారు. టికెట్టు దుడ్లు ఊరికే గాలిలో పోతాయి, ఇంటికన్నా పనికొస్తాయి అని ఆ డబ్బు పంపించేసి, ఇంకో రెండేళ్ళకు సంతకం పెట్టింది. ఇప్పుడు ఆ రెండేళ్ళూ అయిపోవచ్చాయి. మళ్ళీ సంతకం పెడతావా, ఊరికి పోతావా, పండగ మరుసటిరోజుకు చెప్పమని అక్కడి యజమానురాలు కాగితం చేతికిచ్చిందట. ఆ సంగతి ఫోనులో చెప్పి, నువ్వేమంటావు పాపా అని అడిగింది రమణి. లూర్దు నోటిదాకా ఒక మాట వచ్చింది. అది బయటికి రాలేదు. నీ ఇష్టం మా అంది. ఆ తర్వాత నాలుగు రోజులు అన్నం సరిగా తినలేదు.

తన నోటితో చెప్పలేనిది మాతకు చెప్పుకుందామనుకుంది. అమ్మ నిలువు వెలిగిస్తే చెప్పినట్టే కదా.

జేజి ఒప్పుకోలేదు. "ఆమె ఒళ్ళు కోయిట్లో ఉండాది. ఈడ యాడ కొలుస్తావే? పోయేముందు తీసి పెట్టుకోవాల్సింది. రెండేళ్ళే గదా అని ఎవురమూ అనుకోలేదు" అని వక్కాకు సంచి కోసం వెతుక్కుంది.

వాకిలి పక్కన గోడకు ఒక మేకు ఉంది. మట్టల ఆదివారంనాడు గుడిలో ఇచ్చిన మట్ట సిలువను దానికి తగిలిస్తారు. అమ్మ కువైట్ పోయిన ఉదయం ఆ మేకు కింద నిలబడి జేజి దీవెన తీసుకుంది. తలవంచి లేచేసరికి ఆమె కనకాంబరాలు మేకుకు చిక్కుకున్నాయి. లూర్దు మునివేళ్ళ మీద నిలబడి ఆ పూలు విడిపించింది. తన తల అప్పుడు అమ్మ ఎదురొమ్ము దాకా ఉంది. ఆమె చీరకు సబ్బు వాసన, పక్కనే ఆటో హారన్, అన్నీ గుర్తున్నాయి. మేకు సరిగ్గా అమ్మ నడినెత్తి ఎత్తులోనే ఉంది. ఆ సంగతిలో ఆమెకు అనుమానం లేదు.

నడకకు బయలుదేరే రోజు పొద్దున, జేజి పెరట్లో ఉండగా, లూర్దు ఆ మేకు నుంచి నేల దాకా నూలు కొలిచి తెంపింది. తెంపాక ఊరికే తనూ అక్కడ నిలబడి చూసుకుంది. మేకు తన నడినెత్తికి తగిలింది. తను అమ్మంత అయిపోయింది. అమ్మ చూడకుండానే అయిపోయింది. ఇక ఆమె వచ్చినా తలెత్తి చూసే పని లేదు. కళ్ళు తుడుచుకుని, మూడు దారాలూ విడివిడిగా గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది.

నడిచే గుంపుకు పెద్దదిక్కు దాసన్న. డెబ్బై దాటినా నిటారుగా ఉండే మనిషి, ఒకప్పుడు పేరున్న మేస్త్రీ. సిలువ కట్టిన కర్ర పట్టుకుని ముందు నడిచేవాడు. జపమాల ఒక చుట్టు అయ్యాక కాసేపు పాత సంగతులు చెప్పేవాడు. కరువుల్లో ఊరికి ఊరు కూలికి వలస పోయేదట. పోయేవాళ్ళందరి నిలువులూ తీసి సందుకపెట్టెలో పెట్టుకునేవాళ్ళట. వాళ్ళు యాడ ఉన్నా, ఉన్నా లేకున్నా, ఏడాదికొకటి కొండ మీద వెలిగేదట.

"పోయేటోళ్ళు నిలువిచ్చి పోయేటోళ్ళప్పా అప్పుడు. ఇప్పుడు ఫోన్ నంబరిచ్చి పోతాండారు" అన్నాడు. అందరూ నవ్వారు. లూర్దు సంచిని ఇంకాస్త దగ్గరికి పట్టుకుంది.

మొదటిరోజు సాయంత్రానికే అరికాళ్ళు బొబ్బలెక్కాయి. రెండోరోజు చాగలమర్రి దాటాక రోడ్డు తారు చెప్పుల్లోంచి కూడా కాల్చింది. లారీలు పక్కనుంచి పోతుంటే ప్రతి లారీలోనూ నాన్న ఉన్నాడేమోనని చూసింది. మధ్యాహ్నం కాలువ గట్టున వేపచెట్టు కింద దిగారు. తిన్నాక దాసన్న అందరి నిలువులూ బయటికి తీయమన్నాడు. మైనంలో ముంచే ముందు ఎక్కడైనా ముడి పడిందేమో చూడడం ఆయన పని. ఒక్కొక్క దారం కొస పట్టుకుని చెయ్యెత్తి వేలాడదీస్తాడు.

జేజి దారం చూసి, విశ్వాసమ్మ మనిషి బాగా తగ్గిపోయిందే అన్నాడు. తిరుపతమ్మ దారం చూసి, ఈమెకు మోకాళ్ళు కాదు, తిండి తగ్గించే మందు కావాల, నిలువు బాగానే ఉండాది అన్నాడు. మూడోది వేలాడదీశాడు. మళ్ళీ కింద నుంచి పైకి చూశాడు.

"ఇది ఎవురిది పాపా?"

"మా అమ్మది" అంది లూర్దు.

"రమణిదా? కాదే."

కువైట్ పోకముందు రమణి ఐదేళ్ళు దాసన్న దగ్గర కూలికి పోయింది. గోడకు కట్టిన సారువ మీద ఉన్న మేస్త్రీ వంగకుండా సిమెంటు తట్ట అందించేది ఆమె ఒక్కతే అని ఆయన ఊరంతా చెప్పేవాడు. ఆ ఎత్తు ఆయన చేతికి తెలుసు. ఎట్లా తీసినావని అడిగాడు. లూర్దు తల దించుకుని మేకు సంగతి, కనకాంబరాల సంగతి చెప్పింది. ఒంటి మీద కొలవకుండా కొలిచానని పదిమందిలో ఒప్పుకోవడం ఆమెకు ప్రాణం పోయినంత పనైంది.

దాసన్న కోప్పడలేదు. దారాన్ని చేతికి చుట్టుకుంటూ లెక్క చూసుకున్నాడు.

"మేకు సరిగ్గానే ఉండాది. నేల మారింది. మీ ఇంట్లో బండలు పరిచింది నేనే గదా. కింద ఇసుక, దాని మీద సిమెంటు, ఆపైన బండ. నాలుగు వేళ్ళు లేసింది మీ నేల."

లూర్దు తన పాదాల వైపు చూసింది. మట్టినేల తీసి కడప బండలు పరిపించింది రెండేళ్ళ కిందట, అమ్మ టికెట్టుకు పెట్టుకున్న డబ్బుతో. చల్లగా ఉంటాదిలే, జేజికి కాళ్ళు నొప్పుండవు అని అమ్మ ఫోనులో సంబరపడింది. అమ్మ రాకుండా ఏ డబ్బు పంపిందో ఆ డబ్బే ఇప్పుడు ఆమెను నాలుగు వేళ్ళు పొట్టి చేసింది.

"ముడేసి కలపకూడదా తాతా?" అని అడిగింది.

"ముడేస్తే మొక్కు ఆడనే ఆగిపోతాది. ఇది ఆమె పేరున వెలిగీలేం పాపా. నీ కాడనే పెట్టుకో."

దారం తిరిగి చేతికిచ్చాడు. ఎండ తగ్గాక నడక మొదలైంది. లూర్దు అందరికన్నా వెనక నడిచింది. మాతకు ఏం చెప్పుకోవాలో తెలియలేదు. ఇంటికి పోయి మళ్ళీ కొలుచుకురావడానికి దారి లేదు. పండగ రేపే. ఆ మరునాడు అమ్మ సంతకం పెట్టేస్తుంది. ఇంకో రెండేళ్ళంటే తనకు పద్దెనిమిది. దువ్వూరు దగ్గర పసుపు చేలు పచ్చగా ఉన్నాయి. వాటి మీదుగా గాలి చల్లగా వస్తోంది. ఆమెకు అదేమీ పట్టలేదు. వేళ్ళు మాత్రం దారాన్ని చుట్టడం, విప్పడం చేస్తూనే ఉన్నాయి.

నాలుగు వేళ్ళు. నేల లేచింది. మేకు అక్కడే ఉంది.

లూర్దు రోడ్డు పక్కన ఆగిపోయింది. తను కూడా ఆ లేచిన నేల మీదే కదా నిలబడింది. మేకు తన నెత్తికి తగిలిందంటే అది బండల మీద. అమ్మకు తగిలింది మట్టినేల మీద. అంటే తను ఇంకా అమ్మంత కాలేదు. ఇంకా నాలుగు వేళ్ళు తక్కువ. అమ్మ ఇప్పుడొచ్చి ఎదురుగా నిలబడితే తల కాస్త ఎత్తాలి. కొంచెమే, కానీ ఎత్తాలి.

దారం ఒక కొస మడమ కింద తొక్కిపట్టి రెండో కొసను నెత్తి దాకా లాగింది. సరిగ్గా సరిపోయింది. చేలో కలుపు తీస్తున్న ఒకామె, ఏం పాపా, కాలికి ముల్లు గుచ్చుకుండాదా అని అడిగింది. లేదవ్వా అని నవ్వి, ముందువాళ్ళను అందుకోవడానికి పరుగెత్తింది. బొబ్బలు ఒకటి రెండు అప్పుడే చితికాయి.

మూడోరోజు పొద్దెక్కేసరికి కొండ కిందికి చేరారు. రేకుల పందిట్లో వెడల్పాటి గిన్నెలో మైనం కాగుతోంది. దాసన్న ఒక్కొక్క నిలువూ ముంచి తీస్తుంటే లూర్దు తన దారం చాచింది.

"ఇది నా నిలువు తాతా. సరిగ్గా నాదే. కొలిచి సూసుకున్నా."

"నడిచొచ్చినోళ్ళకు నిలువెందుకు? నువ్వే వచ్చినావు గదా."

"నేను సగమే వచ్చినా" అంది లూర్దు. ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

దాసన్న ఆమె మొహం చూశాడు. తర్వాత దారం అందుకుని, మిగతావాటికన్నా ఒకసారి ఎక్కువగానే మైనంలో ముంచి, ఆరబెట్టి చుట్ట చుట్టి ఇచ్చాడు.

కొండ మెట్లు మోకాళ్ళ మీద ఎక్కేవాళ్ళు ఎక్కుతున్నారు. తల నీలాలిచ్చినవాళ్ళు గంధం పూసుకుని కూర్చున్నారు. పైన పూజ అయ్యాక లూర్దు జేజి నిలువు, తిరుపతమ్మ నిలువు వెలిగించి, చివర తనది వెలిగించింది. మాత ముందు నిలబడితే నేర్చుకున్న జపాలేవీ గుర్తు రాలేదు. పాలరాతి మొహం వైపు తలెత్తి చూస్తూ ఉండిపోయింది.

సాయంత్రం అమ్మ ఫోను చేసింది. కొండ మీది నుంచి మాతను చూపించమని ముందే చెప్పిపెట్టింది. వీడియోలో రమణి తెల్లటి స్కార్ఫు కట్టుకుని ఉంది. వెనక వంటింటి గోడకు మెరిసే పలకలు. మాతను చూసి సిలువ గుర్తు వేసుకుంది. కాళ్ళు నొప్పులా, తిన్నావా, జేజి ఎట్లుంది అని అన్నీ అడిగింది. లూర్దు అన్నిటికీ ఊ అంది. ఇక పెట్టేస్తుందేమో అనిపించగానే నోరు దానంతటదే తెరుచుకుంది.

"మా, నేను నీకన్నా ఇంకా నాలుగు వేళ్ళు తక్కువుండా."

"ఏందే పాపా?"

"మొన్న నీ అంత అయిపోయినా అనుకున్నా. కాలేదు. నాలుగు వేళ్ళుండాది. నేను నీ అంత కాకముందే వచ్చేయ్ మా."

రమణి చెయ్యి మెల్లగా లేచి స్కార్ఫు మీద నడినెత్తిని తడిమింది. అక్కడ ఏదో చిక్కుకున్నట్టు ఆగింది.

"ఆ మేకు ఇంకా ఉండాదా?" అంది.

"ఉండాది. ఎవురినీ పీకనీలేదు."

వెనకనుంచి ఎవరో అరబ్బీలో పిలిచారు. రమణి అటు చూసి, ఇటు చూసి, కాయితం నా దిండు కిందనే ఉండాది, ఇంకా ఏం రాయలేదు అని గబగబా చెప్పింది. ఫోను ఆగిపోయింది.

లూర్దు తన వెలుగు దగ్గరికి పోయి కూర్చుంది. చుట్టలో సగం కాలింది. అన్నానికి రమ్మని దాసన్న వచ్చాడు, ఆమె కదలకపోతే తనూ మెట్టు మీద కూర్చున్నాడు. బండలు పరిచాక మేకు కిందికి వచ్చినట్టయింది కదా తాతా, ఇంటికి పోయినాక దాన్ని నాలుగు వేళ్ళు పైకి కొట్టాలా అని అడిగింది లూర్దు.

"ఇప్పుడెందుకు" అన్నాడు దాసన్న. "ఆమె వచ్చి నిలబడినాక, నెత్తి సూసుకోని కొడదాంలే."