గుండీల డబ్బా

దర్జీ పెద్దమ్మ ఇంట్లో పుట్టే టెర్రియర్ పిల్లలు పిడికెడంత ఉంటాయి, పొగరు మాత్రం బండెడు. తమకు పదింతలున్న కుక్క ఎదురొచ్చినా తోక దించవు. చూసేవాళ్లు అబ్బో ఎంత ధైర్యమో అంటారు. ఇరవై రెండేళ్లుగా వాటిని పెంచుతున్న పెద్దమ్మ మాత్రం అనదు. భయపడ్డ కుక్కా మొరుగుతుంది, ధైర్యమున్న కుక్కా మొరుగుతుంది. తేడా తెలుసుకోవడానికి ఆమెకో పద్ధతి ఉంది. ఎనిమిదో వారంలో పిల్ల వెనక గుండీల డబ్బాను దబ్బున పడేస్తుంది. పిల్ల ఉలిక్కిపడాలి. పడి, తిరిగొచ్చి ఆ డబ్బాను వాసన చూడాలి. అలా వచ్చినదానికే పెద్దయ్యాక జత కట్టిస్తుంది. దాక్కున్నది ఎంత అందగత్తె అయినా వంశంలోకి రానివ్వదు.

ఈ కాన్పులో ఆడపిల్ల ఒక్కటే, మిరియం. తల్లికి వయసు మళ్లింది, ఇక ఈనదు. వంశం నిలబడాలంటే మిరియమే దిక్కు. దాని వీపు, కాళ్లు, బిరుసు జుట్టు చూసుకుని పెద్దమ్మ మురిసిపోయేది. నిన్న డబ్బా పడేస్తే అది బాణంలా దూసుకొచ్చింది. ఆ సంతోషంలో వంకరచెవిగాణ్ని పరీక్షించడమే మరిచిపోయింది. వాడు మిరియం తమ్ముడు, ఎవరికీ అక్కర్లేని పిల్ల.

ఈ ఉదయం బస్సు డ్రైవరైన మరిది, ఆరేళ్ల కూతురితో వచ్చాడు. పెద్దమ్మ మోకాళ్లు ఇక కుక్కల వెంట పరుగెత్తలేమంటున్నాయి. మిరియాన్ని తన ఇంట్లో పెంచి, వేళకు జత కట్టించి, వదిన పద్ధతిలోనే వంశం నడుపుతానని అతను మాటిచ్చాడు. అతని కూతురు అప్పుడే మిరియానికి మెత్తటి పక్క కూడా కుట్టించుకుంది.

టీ కోసం పెద్దమ్మ వంటింట్లోకి వెళ్తే, ఆమె కోడలు మాటల సందర్భంలో గొప్పగా చెప్పింది. అత్తయ్య మోకాలి నొప్పితో మంచమెక్కిన నెలంతా కుక్కపిల్లలకు తనే తిండి పెట్టిందట. అవి ఇల్లంతా చెదిరిపోతుంటే ఒక ఉపాయం కనిపెట్టిందట. గుండీల డబ్బా గలగలలాడిస్తే చాలు, ఎక్కడున్నా తిండికి పరుగెత్తుకొస్తాయట.

పెద్దమ్మకు విషయం అర్థమైంది. నిన్న మిరియం వచ్చింది ధైర్యంతో కాదు, ఆకలితో. కోడల్ని ఏమనగలదు? తనే పెద్ద పరీక్షాధికారిలా డబ్బా పట్టుకు తిరిగిందే గానీ, ఆ నెల్లాళ్లూ అది ఎక్కడుందని ఒక్కసారైనా అడిగిందా?

ముందు గదిలోకి తిరిగొచ్చి, కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకోమని మరిదికి చెప్పింది. బల్ల మీది పెద్ద కత్తెర తీసి, ఆడుకుంటున్న కుక్కపిల్లల వెనక నేల మీద పడేసింది.

రెండూ ఎగిరిపడ్డాయి. మిరియం కుట్టుమిషన్ కిందికి దూరిపోయింది. ఆ పసిది నవ్వుతూ తండ్రి ఒళ్లోంచి జారి, మిరియాన్ని తీయబోయి చెయ్యి చాపింది.

"చెయ్యి వెనక్కి తియ్యమ్మా. మెల్లగా," అంది పెద్దమ్మ.

మిషన్ కింద తెల్లటి పళ్లు కనిపించాయి. గుర్రుమనే చప్పుడు సన్నగా, ఆగకుండా వస్తోంది. ఆ పసిది చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆమె లెక్క ప్రకారం పది నిమిషాలు ఆగాలి. గోడ గడియారం కింద అందరూ బిగదీసుకుని కూర్చున్నారు. రావే తల్లీ, ఒక్క అడుగు వెయ్యవే అని పెద్దమ్మ లోలోపల బతిమాలుకుంటూనే ఉంది. మూడో నిమిషంలో వంకరచెవిగాడు వచ్చి, కత్తెర పిడిని వాసన చూసి, దాన్ని లాక్కుపోదామని చూసి, బరువుకు అది కదలక దాని మీదే కూర్చున్నాడు. మిరియం రాలేదు. ఎనిమిదో నిమిషం దాటింది.

జరిగిందేమిటో అప్పటికి అర్థమై, కోడలు గుండీల డబ్బాను నెమ్మదిగా అత్తగారి చేతి దగ్గరికి జరిపింది. డబ్బా ఊపి తిండి పెట్టిన సంగతి మరిదికి తెలియదు. ఒక్కసారి ఊపితే మిరియం పరుగెత్తుకొస్తుంది. వంశం నిలుస్తుంది. పెద్దమ్మ వేళ్లు మూత మీద పడ్డాయి. ఆ పసిదాని చేతివేళ్లు ఇంకా ఆమె కళ్ల ముందే ఉన్నాయి.

డబ్బాను సొరుగులో పెట్టి మూసేసింది.

పది నిమిషాలయ్యాక, ఒక్కసారి భయపడితే ఏమైంది వదినా, పసికూన కదా అన్నాడు మరిది.

"భయపడటం తప్పు కాదయ్యా. తిరిగి రాలేకపోతోంది, అదీ బాధ. పిల్లలున్న ఇంటికి దీన్ని ఇవ్వను. దీనికి జత కూడా కట్టించను," అంది. నిన్నటి పరీక్ష ఎలా చెడిందో, తప్పు తనదేనని, దాచకుండా చెప్పేసింది.

చివరికి వాళ్ల వెంట వంకరచెవిగాడే వెళ్లాడు. వాడు పెరిగి తగినవాడైతే, వాడికి జతగా పరాయి వంశపు ఆడకుక్కను వెతుక్కోవాలి. మొదటినుంచీ మొదలుపెట్టాలి. ఆ పని చూడటానికి తన మోకాళ్లు ఎన్నాళ్లు నిలుస్తాయో ఆమెకు తెలియదు.

వీధి తలుపు మూసుకున్నా మిరియం మిషన్ కిందే ఉంది. పెద్దమ్మ కష్టపడి నేల మీద కూర్చుని, సొరుగు లాగి డబ్బా ఊపింది. మిరియం చివాలున వచ్చి ఒళ్లోకి దూకి, తిండేదని ఆమె అరచేతులు నాకింది.

"వచ్చావా," అని పెద్దమ్మ దాన్ని గుండెకు అదుముకుని ఏడ్చింది.