గుండ్రటి మూల

భోజనాల బల్ల తుడుస్తూ ఆ ఇనప ముక్కని పక్కకి జరిపాను. ఫ్యాను గాలికి పేపరు ఎగరకుండా అత్తయ్య దాన్ని బరువుగా పెట్టుకున్నారు. మా వర్క్‌షాపులో ఇలాంటివి రెండు చేశారు. ఒకటి మిషన్‌కి బిగించడానికి మా ఆయన పొద్దున్నే పట్టుకెళ్ళారు, రెండోది ఇక్కడ పడేశారు. అలవాటు కొద్దీ బొటనవేలితో దాని కొస తడిమాను. వేలు నున్నగా జారిపోయింది. అక్కడ మూల పదునుగా ఉండాలి. నేను గీసింది అలాగే.

మేం పాత మిషన్లకి విడిభాగాలు చేస్తాం. వాటిని తయారు చేసిన కంపెనీలు ఎప్పుడో మూతపడి ఉంటాయి. అరిగిన ముక్కో విరిగిన ముక్కో తెస్తారు, దాన్ని కొలిచి బొమ్మ గీస్తే దాని ప్రకారం కొత్తది చేస్తారు. కొలిచేదీ గీసేదీ నేనే. పెళ్ళికి ముందు ఒక ఫ్యాక్టరీలో అదే నా ఉద్యోగం, అక్కడ నాకంటూ ఒక బల్ల ఉండేది. ఇప్పుడు అందరి భోజనాలూ అయ్యాక ఈ బల్లే. "అన్నం తినే చోట ఈ మడ్డి ఏమిటమ్మా" అంటారు అత్తయ్య. డ్రాయింగ్ కింద 'గీసినవారు' అన్న గడిలో ఆయన పేరుంటుంది. ఒకసారి అడిగితే, "మనిద్దరం వేరా ఏంటి?" అని నవ్వారు. వేరు కాకపోతే నా పేరే పెట్టొచ్చుగా అనుకున్నాను. అనుకున్నానే గానీ అనలేదు. "మా కోడలు మెతక మనిషి, మొదట్నుంచీ అంతే" అని అత్తయ్య అందరికీ చెబుతుంటారు, మెచ్చుకుంటున్నట్టే.

ఈ ముక్క రేకులు నొక్కే ప్రెస్సులో కొక్కెం. కాలితో పెడల్ తొక్కితే ప్రెస్సు ఒక్కసారి దిగి, పైకెళ్ళి ఆగిపోవాలి. ఆపేది ఈ కొక్కెమే. దీని మూల అరిగి గుండ్రంగా అయితే పట్టు జారి, ప్రెస్సు దానంతటదే రెండోసారి దిగుతుంది. కొలతలకి వెళ్ళినప్పుడు ఆ ప్రెస్సు మీద పనిచేసే ఆవిడే చెప్పింది. ఆవిణ్ణి అందరూ ఎడమచేతి అక్క అంటారు, రేకు ఎడమచేత్తో పెడుతుంది కాబట్టి. "ఒక్కోసారి చెప్పకుండా దిగేస్తోందమ్మా. చెయ్యి లోపల పెట్టిన ప్రతిసారీ ఊపిరి బిగబట్టుకుంటున్నా" అంది.

ఆయనకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. చేతిలో తడిగుడ్డ అలాగే ఉంది, నీళ్ళు కాళ్ళ మీద పడుతున్నాయి.

"ఏంటి? బిగించడం అయిపోయింది, పనిలో ఉన్నాను."

"ఏవండీ, కొక్కెం మూల గుండ్రంగా ఉంది!"

"శాంపిల్‌లో అలాగే ఉంది. నువ్వు తప్పు గీస్తే నేను సరిచేయించాను. వాళ్ళిచ్చింది ఒకటీ మనం చేసింది ఒకటీ అయితే మాట పడేది నేను."

"అది దాని ఆకారం కాదండీ, అరుగుదల! అందుకేగా మార్చమన్నది!"

"అన్నీ నీకే తెలుసు." పెట్టేశారు.

ఆ ప్రెస్సు ఉన్న షెడ్డు సూపర్‌వైజర్‌కి చేశాను. "సార్ ఇక్కడే ఉన్నారు కదా మేడం, ఆయన్నే అడగండి" అని, ఆగి, "ఇంట్లో ఏమన్నా గొడవా?" అన్నాడు. నవ్వు వినిపించింది.

నిజంగానే నేను తప్పు గీశానేమో అని ఒక్క క్షణం అనిపించింది. ఇన్నేళ్ళుగా అంతే, ఎవరైనా గట్టిగా మాట్లాడితే తప్పు నాదే అనిపిస్తుంది. కానీ అరిగిన ముక్క చేతికొస్తే ముందు అరగని చోటు వెతకాలి, అసలు కొలత అక్కడ దొరుకుతుంది. వాళ్ళిచ్చిన పాత కొక్కేనికి ఓ పక్క అంచు దేనికీ తగలకుండా మిగిలిపోయింది. అక్కడ మూల పదునుగానే ఉంది, నా కళ్ళతో చూశాను. నాలో అలాంటి చోటు మిగిలిందో లేదో తెలీదు గానీ, దాంట్లో మాత్రం ఉంది. స్టవ్ కట్టేశాను.

"ఎక్కడికే? వంటో?" అన్నారు అత్తయ్య.

"వస్తానత్తయ్యా" అన్నాను, అప్పటికే మెట్లు దిగుతూ.

దారి పొడుగునా ఎడమచెయ్యే కళ్ళముందు ఆడింది. సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతిసారీ ఆ చెయ్యి లోపలికి వెళుతున్నట్టే ఉంది. షెడ్డులోకి పరిగెత్తేసరికి ప్రెస్సు ఆడుతోంది. అక్క చేతిలో రేకు. ఆయన పక్కనే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు.

"అక్కా, చెయ్యి తియ్యి!"

తీసింది. ఎందుకని అడగలేదు.

"పొద్దుట్నుంచీ బాగానే ఆడుతోందిగా" అన్నారు ఆయన, చెవులు ఎర్రబడుతుండగా. "నువ్విక్కడికి ఎందుకొచ్చావ్?"

నేను అక్క వైపే చూశాను. "రేకు వదిలేసి, ఊరికే తొక్కుతూ ఉండు."

తొక్కింది. దిగింది, ఆగింది. మళ్ళీ తొక్కింది, ఆగింది. సూపర్‌వైజర్ నవ్వడం మొదలుపెట్టాడు. అక్క తొక్కుతూనే ఉంది. ఒకసారి కాలు తీసేసి చెమట తుడుచుకుంటుంటే, పైకెళ్ళిన ప్రెస్సు ఆగకుండా ధన్‌మని మళ్ళీ దిగింది.

అక్క తన ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకుని చూసుకుంది.

"ఈ డ్రాయింగ్ ఎవరిది?" అన్నాడు సూపర్‌వైజర్.

ఆయన గొంతు సవరించుకున్నారు. "మా ఆవిడ గీసిందండీ."

ఇన్నేళ్ళలో ఆ మాట మొదటిసారి విన్నాను. అదీ తప్పు నా మీదకి తోయడానికి.

"అవును, గీసింది నేనే. మూల గుండ్రం చేయించింది ఆయన. నేను గీసినట్టు చేయించి తెస్తాను, అప్పటిదాకా దీన్ని ఎవరూ ఆడించొద్దు."

సూపర్‌వైజర్ అలవాటుగా ఆయన వైపు చూశాడు. అక్క మాత్రం వెళ్ళి, గోడ మీద ఫ్యూజు ఊడబీకి తెచ్చి నా చేతిలో పెట్టింది.

గేటు బయట ఆయన పళ్ళు బిగించి అన్నారు: "ఇంటికి పద, మాట్లాడదాం."

"నేను వర్క్‌షాపుకి వెళుతున్నాను. కొత్త కొక్కెం తయారయ్యేదాకా అక్కడే ఉంటాను" అన్నాను. "ఇంటికి మీరు వెళ్ళండి. అక్కడ వంట కాలేదు."