గాజుగదిలో మనిషి

నల్లటి వలటోపీని తలమీద సర్దుకుని, పళ్లమధ్య పట్టుకున్న పిన్నులు ఒక్కొక్కటే తీసి గుచ్చుకుంటోంది టికెట్టమ్మ. ఆ వినోదాల పార్కులో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. 'పాతకాలపు సినిమాహాలు' అని బల్బుల బోర్డు వెలిగే చిన్న కట్టడం ముందు, గాజుగదిలో కూర్చోవడం ఆమె పని. నిజానికి లోపలికి వెళ్లడానికి టికెట్టు అక్కర్లేదు. ఆమె ఉన్నది ఫొటోల కోసం.

ఒకప్పుడు నిజమైన థియేటర్లో బుకింగు కిటికీ ఆమెదే. చిన్న కన్నంలోంచి చేతులు ఒకదాన్నొకటి తోసుకుంటూ లోపలికొచ్చేవి. "నిన్నేగా చూశావ్, మళ్లీ ఏడవడానికొచ్చావా?" అని క్యూ మొత్తాన్నీ నవ్వించేది. నోటికి తాళం ఉండేది కాదు. ఆ హాలు కూల్చేశాక ఏవేవో పనులు చేసి చివరికిక్కడ తేలింది.

మొదట్లో ఇక్కడా వచ్చినవాళ్లను పలకరించేది. సూపర్‌వైజరు ఒకరోజు పిలిచి, "కదలకండి మేడమ్. బొమ్మనుకుని దగ్గరికొస్తున్నారు. అదే బావుంది," అన్నాడు. కళ్లద్దాలు కూడా తీయించాడు. అప్పట్నుంచీ పిల్లలు గాజుమీద కొట్టి, "బొమ్మే!" అని పందెం గెలిచినట్టు అరుస్తున్నారు. లోపల ఆడేది మాటల్లేని ఒకే ఒక్క సినిమా. లావుపాటి మనిషొకడు నిచ్చెన ఎక్కుతాడు, పడతాడు, మళ్లీ ఎక్కుతాడు.

ఇంట్లో అక్క ఉంది. చూపు పోయిన మనిషి. సాయంత్రం కాగానే "ఇవాళేం సినిమా?" అంటుంది. నిచ్చెన మనిషి గురించి ఎన్నిసార్లని చెబుతుంది? అందుకే టికెట్టమ్మ పగలంతా కొయ్యలా కూర్చుని కొత్త కథ అల్లుతుంది. అక్క వింటూ కథలోని అత్తగారిని తిట్టిపోస్తుంది. రోజు మొత్తంలో టికెట్టమ్మ నోరారా మాట్లాడేది ఆ కాసేపే.

ఆ రోజు పొద్దున్నుంచీ ఎడమచెయ్యి లాగుతోంది. మధ్యాహ్నం ఊడ్చే మనిషి వెనకతలుపు తీసి మంచినీళ్లందించింది.

"ఏంటొదినా, మొహం అలా పీక్కుపోయింది?"

"ఎండకిలే."

"చెప్పేసి ఇంటికెళ్లరాదూ?"

"ఈ హాలు తీసేస్తారంటున్నారు. ఇప్పుడు సెలవడిగితే హాలుకంటే ముందు నన్ను తీసేస్తారు. అక్క చెవిన వెయ్యకు."

ఊడ్చే మనిషి వెళ్లిపోయింది. టికెట్టమ్మ వీపు కుర్చీకి ఆనించి, చేతులు బల్లమీద పెట్టుకుంది. సాయంత్రం చెప్పాల్సిన కథలో నాయిక ఇంకా రేవులోనే నిలబడి ఉంది. ఆమెను ఓడ ఎక్కించేలోగా గుండెల మీద ఎవరో కూర్చున్నట్టయింది. గాజుకు అవతల ఒక కుటుంబం వరసగా నిలబడి నవ్వుతోంది. టికెట్టమ్మ నోరు తెరిచింది. మాట రాలేదు.

"నాన్నా, కదిలింది!" అంది వాళ్ల చిన్నపిల్ల.

"లోపల మోటారు ఉంటుందిలే తల్లీ. ఇటు చూడు."

ఆ తర్వాత కూడా చాలామంది వచ్చి ఆమె పక్కన ఫొటోలు దిగారు. పొద్దు వాలాక ఊడ్చే మనిషి వచ్చి, "పద వదినా, బస్సు పోతుంది," అని భుజం తట్టింది. తట్టిన చెయ్యి వెంటనే వెనక్కి తీసుకుంది.

ఆసుపత్రి బండి వచ్చింది. టోపీ, లేసు జాకెట్టు పార్కువి. వాటిని విప్పి స్టోరులో అప్పగించాకే బండి కదిలింది.

ఊడ్చే మనిషి ఒక సంచీ పట్టుకుని ఆ ఇంటికి వెళ్లింది. గడప దగ్గర అడుగు వినబడగానే అక్క తల తిప్పింది.

"ఇది దాని అడుగు కాదు. అదేదీ?"

ఊడ్చే మనిషి లోపలికొచ్చింది. పక్కన కూర్చుని సంచీ ఆమె ఒళ్లో పెట్టింది. అక్క లోపలికి చెయ్యి పోనిచ్చి తడిమింది.

"ఇవి లేకుండా నడిచి ఎక్కడికి పోయిందే?"

బల్లకింద ఉండి ఏ ఫొటోలోనూ పడని రబ్బరు చెప్పులవి. మడమల దగ్గర కాగితంలా అరిగిపోయాయి. తెగిన పట్టీకి దారంతో వేసిన కుట్లు, బొటనవేళ్లు ఆనిన చోట రెండు గుంటలు.