ఎక్కించని సీసా

మీరే చేశారు. తెల్లకోటు వేసుకున్నవాళ్లూ, తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ మగవాళ్లూ, "ఆడపిల్లకి అవన్నీ ఎందుకు" అని గొంతు తగ్గించిన ప్రతి ఒక్కరూ. కాజాలక్క కడుపు పండకపోవడానికి లూపస్ జబ్బు ఒక్కటే కారణమని ఇంకా బుకాయించకండి.

ఆమె ఇప్పుడు పనిలో ఉంది. చొక్కాలు కుట్టే షాపులో గుండీలకి కాజాలు కుట్టేది ఆమే, ఆ పేరూ అందుకే; కిటికీకి దూరంగా ఉన్న మూల ఆమెది. ఎండ తగిలితే బుగ్గలు కందిపోతాయి. పొద్దున్నే వేళ్లు ముడుచుకోవు. గోరువెచ్చటి నీళ్ల గ్లాసు రెండు చేతులా పట్టుకుని, కీళ్లు కాస్త వదులయ్యాక గుడ్డ అందుకుంటుంది. కాజాకి గుర్తు పెట్టాలి, చుట్టూ కుట్టాలి, ఆ తర్వాతే మధ్యలో కొయ్యాలి. తొందరపడి ముందే కోస్తే చొక్కా గుడ్డపేలికే. ఆమె చేతిలో ఒక్క చొక్కా పాడవలేదు.

"అక్కా, నీ కాజాలోంచి గుండీ బయటికి రావాలంటే పర్మిషన్ అడగాలే!" అన్నాడు కటింగ్ మాస్టర్.

"అడగమను. మర్యాద నేర్చుకుంటుంది."

పెళ్లికి ముందే, ఒంటి కాపలాయే ఒంటి మీద తిరగబడే ఆ లూపస్ ఆమె కిడ్నీల మీద పడింది. నెలనెలా సెలైన్లో మందు ఎక్కించారు. కిడ్నీలు దక్కాయి. ఆ మందుకి అండాశయాలు ఎండిపోవచ్చని డాక్టరు ఆమె అన్నయ్యకి చెప్పాడు. అన్నయ్య ఆ మాట ఆమె దాకా రానివ్వలేదు. నెలసరి ఆగిపోతే నీరసమనుకుంది పిచ్చిది. పెళ్లయి, ఏళ్లు ఎదురుచూశాక, ఇంకో డాక్టరు నోట అసలు సంగతి విన్నది.

ఇప్పుడు ఆ అన్నయ్య కూతురికే అదే జబ్బు, అదే మందు. ఆ కబురు విని కాజాలక్క మధ్యాహ్నం మిషను ఆపి, గొడుగేసుకుని ఆసుపత్రికి నడిచింది. నర్సు అప్పటికే సీసా తగిలించింది. సూది ఇంకా పెట్టలేదు.

"ఆగమ్మా. ఇది ఎక్కిస్తే అండాశయాలు ఏమవుతాయో ఈ పిల్లకి చెప్పారా?"

అన్నయ్య ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. "పెళ్లి కావాల్సిన పిల్లే. దాని ముందు ఆ మాటలేంటి?"

"నా ముందూ వద్దనుకున్నావుగా. నీ పరువు మిగిలింది అన్నయ్యా. నాకేం మిగిలిందో చెప్పు."

చెయ్యి వదిలేశాడు.

మేనకోడలు లేచి కూర్చుంది. "ఏమవుతాయి అత్తా?"

"నాకు తెలిసింది నా ఒంటి సంగతే. నీ సంగతి డాక్టరమ్మనడుగు. నోరుందిగా!"

డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన కూర్చుంది. మందు మోతాదుతో పాటు ప్రమాదమూ పెరుగుతుందని చెప్పింది. అండాశయాలను నిద్రపుచ్చే ఇంజెక్షన్ ముందుగా ఇస్తే వాటికి కొంత రక్షణ, పూర్తి హామీ లేదు. అండాల జోలికి పోని వేరే మందు ఉంది. అది వాడినన్నాళ్లూ గర్భం మాత్రం రాకూడదు. కిడ్నీల విషయంలో ఆలస్యం పనికిరాదు.

"ఆ వేరే మందే ఇవ్వండి," అంది పిల్ల. "పిల్లల సంగతి తర్వాత నేను తేల్చుకుంటా."

కాజాలక్క వెన్ను నిటారుగా పెట్టి విన్నది. "పనుంది, వస్తా," అని కదిలింది.

"ఎవరామె?" అంది నర్సు.

"మా అత్త!" వార్డంతా వినపడింది.

ఇక మీ వంతు. మంచం మీదున్న మనిషికి, ఆమె ముఖం చూసి, ముందుగా చెప్పండి. ఇవాళే మొదలుపెట్టండి. చెప్పేదాకా, గొట్టం ఎవరి చేతికీ తగిలించకుండా, ఆ సీసాని స్టాండుకే వేలాడనివ్వండి.