మాస్టారి అలక

దీవెన ఫోనులో ఆడే ఒక చిన్న ఆట తయారుచేస్తోంది. అందులో కథానాయకుడు ఒక బడిపంతులు. వరద వచ్చిన రోజున పిల్లలను ఒక్కొక్కరినీ గొడుగు కింద ఇళ్లకు చేరుస్తాడు. ఆ పంతులు ఆమె తండ్రి వరప్రసాదమే. పోయిన వేసవిలో రేపల్లెలో చనిపోయారు. ఆయనను ఎన్నడూ చూడనివారు ఒక్క క్షణం ఆయన కోసం దిగులుపడితే చాలు, ఆయన పూర్తిగా పోలేదని నమ్మవచ్చుననుకుంది. ఆట వెనుక ఆమెకున్న కోరిక అంతే.

బాపట్లలో కాలేజీ పిల్లల చేత ఆడించి చూసింది. ఎవరూ దిగులుపడలేదు.

"మంచాయనే అక్కా," అంది సాయి ప్రియ అనే అమ్మాయి, ఫోను తిరిగి ఇచ్చేస్తూ. "కానీ ఆయన మునిగిపోయినా నాకేం అనిపించలేదు. క్యాలెండర్లో బొమ్మలా ఉన్నారు."

తెనాలికి తిరిగి వస్తున్న రైల్లో, ఆటకు ప్రోగ్రాం రాసే మధుబాబు కిటికీ నుంచి ముఖం తిప్పి అడిగాడు.

"ఏమనుకోకు. ఈ మంచి సంగతులన్నీ నీకెవరు చెప్పారు?"

"నాన్న పోయాక చర్చివాళ్లు పెట్టిన ఆదరణ కూడికలో అందరూ లేచి చెప్పారుగా."

"అదీ సంగతి! మా మావయ్య పెద్దకర్మకీ ఇంతే. గారెలు నములుతూ దేవుడన్నారు. బతికుండగా ఆయన ఎదురొస్తే రోడ్డు దాటేసేవాళ్లు."

దీవెనకు నవ్వు రాలేదు. చావింట ఆ సాక్ష్యాలు ఎండిన గొంతులో నీటిచుక్కలే. కాని పొగడ్త మనిషిని పూర్తి చేసేస్తుంది. పూర్తయినవాడికి ఎవరి అవసరమూ ఉండదు. మన అవసరం లేనివాడి కోసం దిగులుపడడం ఎట్లా?

అప్పుడు ఆమెకు తండ్రి అలక గుర్తుకు వచ్చింది. కోపం వస్తే పల్లెత్తు మాట అనకుండా గొడుగు తీసుకుని రేపల్లె స్టేషనుకు వెళ్లి, చివరి బల్ల మీద ఇంటివైపు వీపు పెట్టి కూర్చునేవారు. అక్కడితో పట్టాలు అయిపోతాయి. వచ్చిన రైలు వెనక్కే పోవాలి. ఆయనా అంతే. కాకపోతే అమ్మ జ్ఞానమ్మ వెళ్లి పిలవాలి. పిలవనిదే లేచేవారు కాదు.

రేపల్లె వెళ్లి ఈ మాట ఎత్తగానే జ్ఞానమ్మ ముఖం మాడిపోయింది.

"సంఘమంతా సాక్ష్యం చెప్పిన మనిషి. ఆయన అలకని లోకానికి చూపిస్తావా?"

"చూపించకపోతే ఎవరూ ఆయన్ని పట్టించుకోవట్లేదమ్మా."

"పట్టించుకోటానికి నేను లేనా?"

అయినా దీవెన తెనాలి వెళ్లి తాననుకున్నదే చేసింది. ఇప్పుడు ఆటలో, ఆడేవారు తొందరపెడితే పంతులు అలిగి బల్ల మీద కూర్చుంటాడు. నీరు పెరుగుతూ ఉంటుంది. అతని పక్కనున్న ఖాళీ చోటు మీద వేలు ఆనించి, తీయకుండా ఓపిక పట్టాలి. అప్పుడే లేస్తాడు.

ఈసారి బాపట్లలో సాయి ప్రియ తనకు తెలియకుండానే పైకి అనేసింది. "లేవండి మాస్టారూ, నీళ్లొచ్చేస్తున్నాయి!" దీవెన కోరుకున్నది అదే. అయితే అది దక్కాక సంతోషం కలగలేదు. తండ్రిని పరాయివారి చేతుల్లో పెట్టి వచ్చినట్లు అనిపించింది.

రేపల్లెలో జ్ఞానమ్మ చెయ్యి చాపింది. "వద్దన్నా చేశావుగా. ఇటు తే, చూద్దాం."

ఆట మొదలైంది. అలవాటు లేని వేళ్లు అటూ ఇటూ తగిలాయి. పంతులు అలిగాడు, గొడుగు ముడిచి, బల్ల మీద వీపు తిప్పి కూర్చున్నాడు. జ్ఞానమ్మ వేళ్లు ఆగిపోయాయి. కళ్లజోడు సర్దుకుని ఫోనును ముఖానికి దగ్గరగా తెచ్చుకుంది.

"లెండి, అన్నం చల్లారిపోతోంది."

నీరు బల్ల కాళ్ల వరకు వచ్చింది.

"అక్కడ వేలు పెట్టాలమ్మా," అంది దీవెన నెమ్మదిగా.

"నేనెప్పుడూ చెయ్యి పట్టుకుని లేపలేదే. పిలిస్తే వచ్చేవారు."

ఆమె మళ్లీ పిలిచింది. నీరు బల్ల మీదికి ఎక్కింది.