ఎడమకు ఒరిగిన చిన్నమెదడు

టక్, టక్. పెన్సిల్ చివరతో గాజు సీసా మీద రెండు సార్లు. బొమ్మలావిడ గీస్తున్న కాగితం మీంచి తల ఎత్తలేదు. చేప మెదడు కోసి పెట్టాక "రా, చూడు" అని చెల్లెల్ని పిలవడానికి అన్నయ్య పద్ధతి అదే. ఆయన పోయి ఏడాది దాటింది. అయినా ఆ మెదళ్లు దాచిన సీసాల గదిలోంచి ఆ చప్పుడు పట్టపగలే వినిపిస్తోంది. బతికుండగా ఒకచోట కుదురుగా కూర్చోలేని మనిషి పోయాక మాత్రం కూర్చుంటాడా అని మొదట్లో నవ్వుకునేది. ఈమధ్య నవ్వు రావడం లేదు.

ఆయనకి టేకు చేపలంటే ప్రాణం. చేటలా బల్లపరుపు ఒళ్లు, కొరడా తోక, దాని మీద విషపు ముల్లు. చాలావరకు సముద్రపు జీవాలే. కొన్ని మాత్రం ఏ కాలంలోనో నదుల్లోకి ఎదురీది అక్కడే కాపురం పెట్టేశాయి. ఏ నది చేప ఏ సముద్రపు చేపకి చుట్టమో మెదడు చూసి తేల్చడం ఆయన పని. సొంత పెదనాన్న పిల్లల పేర్లు గుర్తుండని పెద్దమనిషి, చేపల వావివరసలు మాత్రం తడుముకోకుండా చెప్పేవాడు. ఆయన కోసేవాడు, ఈవిడ గీసేది. ముప్పై ఏళ్లు అలాగే గడిచిపోయాయి.

ఇప్పుడు ఆయన రాసిందంతా కూతురు పోగుచేసింది. ఎల్లుండి పుస్తకం అచ్చుకు వెళ్లాలి.

"అత్తా, అట్ట మీదికి ఒక్క బొమ్మ కావాలి. ఆఖరి అధ్యాయంలో చేప ఉంది చూడు, నాన్న తల బద్దలు కొట్టుకున్నది. దాని మెదడే వెయ్యి, రంగుల్లో."

ఆ చేప సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. నదిలో బాగా ఎగువన ఒక్కటంటే ఒక్కటే దొరికింది. తర్వాత ఆనకట్ట కట్టారు, మళ్లీ ఎవరి వలలోనూ పడలేదు. ఆయన కోసిన టేకు చేపలన్నిటికీ చిన్నమెదడు మడతలు ఎడమకు ఒరిగి ఉంటే దీనికి కుడికి. ఏ గుంపులోనూ కలపలేక వంశవృక్షంలో దానికో ఒంటరి కొమ్మ గీశాడు. పదిహేనేళ్లు దాని గురించే గింజుకున్నాడు. "ఇదెవరి బిడ్డో తేల్చకుండానే పోతానే చెల్లీ" అనేవాడు. అలాగే పోయాడు.

రంగులు చూడాలంటే తప్పదని బొమ్మలావిడ సీసా మూతకున్న లక్క గీకింది. మీగడంత మెత్తటి మెదడు, ముట్టుకుంటే చెదురుతుందని పదహారేళ్లుగా ఎవరూ తెరవలేదు. సీసాలోని మందు ఘాటుకి కళ్లు మండాయి. పల్చటి గుడ్డ విప్పి, పట్టకారుతో మెదడుని పళ్లెంలో పెట్టింది.

మడతలు ఎడమకు ఒరిగి ఉన్నాయి.

తిప్పి పెట్టానేమో అనుకుంది. ముక్కు వైపు పోయే రెండు బుడిపెలు ముందుకే ఉన్నాయి. చిన్నమెదడు పైకే ఉంది. ఎటు చూసినా ఎడమే.

సొరుగులోంచి ఆ చేప బొమ్మ గీసిన పాత ట్రేసింగ్ కాగితం తీసింది. ముందు దాని మీద పెన్సిల్‌తో గీయాలి. కాగితం తిరగేసి అవే గీతలు వెనక దిద్దాలి. అప్పుడు దళసరి కాగితం మీద ఆ దిద్దిన వైపు ఆనించి రుద్దితే బొమ్మ సరిగ్గా పడుతుంది. ఈ కాగితం వెనక ఒక్క గీత లేదు. ముందువైపు గీతలు నలిగి మెరుస్తున్నాయి. అప్పట్లో తనే దిద్దకుండా బోర్లించి రుద్దేసింది. కుడి ఎడమ తారుమారు.

ఆ రోజు గుర్తొచ్చింది. బొమ్మలో నీడలు మసిపూసినట్టున్నాయని పొద్దున్నే అన్నయ్య వెక్కిరించాడు. ఈవిడ మూతి ముడుచుకుని, త్వరగా తెమిల్చేసి వెళ్లిపోవాలని గబగబా రుద్దింది. అంతే జరిగింది.

చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? నదిలో ఆ చేప లేదు. ఉన్నది ఈ సీసా ఒక్కటే. మెదడుని మళ్లీ గుడ్డలో చుట్టి, మూత బిగించి, అలమరలో వెనక్కి నెట్టింది.

టక్, టక్.

"నా ప్రాణం తీయకు అన్నయ్యా!"

"ఎవరితో మాట్లాడుతున్నావ్ అత్తా?" గుమ్మంలో మేనకోడలు నిలబడి ఉంది. చేతిలో మరకలు పడిన నోటు పుస్తకం. "ఆ చేపని కోసిన రోజు రాసుకున్నది దొరికింది. నాన్న చేతిరాత ఒక ముక్క అట్ట వెనక వేద్దామని. అన్నీ కోడిగీతలు, నువ్వయితేనే చదవగలవు."

బొమ్మలావిడ కళ్లజోడు సర్దుకుని పైకే చదివింది. "చిన్నమెదడు ఎడమకు. మనవాళ్లే! నేననుకున్న కొమ్మే." కింద రెండు గీతలు. నాలుగు రోజుల తర్వాతి తేదీతో, వేరే సిరాతో ఇంకో ముక్క ఉంది. దాన్ని పైకి చదవలేకపోయింది.

"చెల్లి బొమ్మలో కుడికి ఉంది. చెల్లి చెయ్యి తప్పదు. నా కన్నే మోసం చేసింది."

నోట్లో కొంగు కుక్కుకుంది. ఆయన ఒక్కసారి సీసా తెరిచి చూసుకుని ఉంటే! తన కన్ను కాదనుకుని చెల్లెలి చెయ్యి నమ్మాడు. పదిహేనేళ్లు నమ్ముతూనే ఉన్నాడు.

ఏడుస్తూనే మొత్తం చెప్పేసింది. సీసా తీసి, మెదడుని మళ్లీ పళ్లెంలో పెట్టి చూపించింది. మేనకోడలు పళ్లెం మీదికి వంగి చూసింది.

"ఆఖరి అధ్యాయం మొత్తం పోతుంది అత్తా."

"పోనీ. మొదట ఆయన రాసుకున్నది వెయ్యి. బొమ్మ తిరగేసింది నేనని పేరు పెట్టి మరీ రాయి."

"పేరు రాస్తాను. మరి నాన్న పడ్డ పదిహేనేళ్ల యాతన?"

బొమ్మలావిడ బల్ల మీద కొత్త కాగితం పరిచింది.

మర్నాటికి కొత్త బొమ్మ పూర్తయింది. మడతలు ఎడమకే ఒరిగాయి. నోటు పుస్తకంలో ఆయన ముక్క కింద "నీ కన్నే నిజం అన్నయ్యా" అని రాసి, సీసాల గదిలో ఆయన కుర్చీలో పెట్టింది. తలుపు దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంది.

చప్పుడు రాలేదు. వారం గడిచింది, నెల గడిచింది. పుస్తకం కూడా వచ్చేసింది. పిలిచింది ఇది చూడమనే, చూసేసింది కదా, ఇంకెందుకు పిలుస్తాడు? ఆవిడ మాత్రం రోజూ ఆ స్టూలు మీదే కూర్చుంటోంది. తిట్టడానికైనా సరే, ఒక్కసారి ఆ సీసా మీద కొట్టన్నయ్యా అని.